వలందుల చుట్ట: డచ్ సిగార్ల తయారీపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది డచ్చివాళ్ల దేశం నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్ పక్కన. వలందులన్నది డచ్చివాళ్లకు మనవాళ్లు పెట్టిన పాత పేరు. ఈ ప్రాంతానికి ఇప్పుడు తెలుగువాళ్లు చిప్పుల యంత్రాలు తయారుచేసే కంపెనీల్లో ఉద్యోగాలకు వస్తున్నారు. వందేళ్ల కిందట ఇదే నేల మీద ఉద్యోగం అంటే చాలామందికి సిగార్లు చుట్టడమే. మా తాతగారు గోదావరి లంకల్లో చుట్టపొగాకు పండించిన రైతు. ఆకు వాసన, ఆకు పదును, ఈనె తీయడం లాంటి మాటల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, ఇక్కడ పాత సిగార్ ఫ్యాక్టరీ గోడ కనిపిస్తే ఆగి చూడకుండా పోలేను. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, కొత్తగా ఈ దేశంలో దిగినవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలను, నాకు తెలిసిన జవాబులతో ఇక్కడ రాసిపెడుతున్నాను.

హాలండ్ చలిదేశం కదా, అక్కడ పొగాకు ఎక్కడిది?

పండించారు, అదీ శతాబ్దాల పాటు. 17వ శతాబ్దం నుంచి ఆమర్స్‌ఫోర్ట్, రేనెన్, నైకెర్క్ చుట్టుపక్కల పొగాకు పెద్ద పంట. ఆమెరోంగెన్ అనే ఊళ్లో ఆకు ఆరబెట్టిన పొడవాటి చెక్క కొట్టాలు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మన దగ్గర పొగాకు బ్యారన్లు చూసినవాళ్లు వాటిని దూరం నుంచే గుర్తుపడతారు. అయితే ఆ ఆకు మందం. నశ్యానికీ, గొట్టంలో పెట్టి కాల్చుకోవడానికీ పనికొచ్చేది, సిగార్ పైన చుట్టడానికి మాత్రం కాదు.

సిగార్ అలవాటు ఈ దేశంలోకి వచ్చింది 19వ శతాబ్దం మొదట్లో. 1820లలో జర్మనీలోని బ్రేమెన్ వైపు నుంచి వచ్చిన పనివాళ్ల ద్వారా కాంపెన్ ఊళ్లో సిగార్ల తయారీ వేళ్లూనుకుంది. 1826లో పి. జి. సి. హాయేనియస్ అనే యువకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సిగార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ దుకాణం పేరు ఇప్పటికీ ఉంది. తర్వాత సుమాత్రా, జావా ద్వీపాల ఆకు ఓడల్లో దిగడంతో ఈ చిన్న దేశం సిగార్లకు పేరుమోసింది. ఆ ద్వీపాలు అప్పుడు డచ్చివారి వలస పాలనలో ఉండేవి. పొగాకు కథ చెప్పేటప్పుడు ఈ మాట దాటేయకూడదు.

డచ్ సిగార్‌కూ హవానా సిగార్‌కూ తేడా ఏమిటి?

తేమ, లోపలి పొగాకు. ఈ రెండూ తెలిస్తే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది.

క్యూబా సిగార్‌లో (హవానా అంటే అదే) పొడవాటి ఆకులు తల నుంచి కాలు దాకా, అంటే నోట్లో పెట్టుకునే కొస నుంచి వెలిగించే కొస దాకా, నిలువుగా పెడతారు. దాన్ని ఎప్పుడూ తేమగా ఉంచాలి, అందుకే ప్రత్యేకమైన పెట్టె కావాలి. డచ్ సిగార్ పొడి సిగార్. లోపల చిన్న ముక్కలుగా కోసిన పొగాకు ఉంటుంది. తయారయ్యాక ఆరబెట్టే గదిలో ఉంచి, తేమ తగ్గాకే పెట్టెలో సర్దుతారు.

ముక్కల పొగాకు అంటే చవకబారు అనుకునేవాళ్లున్నారు. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. డచ్చి పనితనమంతా ఆ మిశ్రమంలోనే ఉంది. బ్రెజిల్ ఆకు, జావా ఆకు, హవానా ఆకు ఎన్నెన్ని పాళ్లు కలపాలన్నది ఒక్కో ఇంటి గుట్టు. ఈ ఏడు పంటలో ఒక ఆకు ఘాటు పెరిగితే మరో ఆకు పాలు మార్చి పాత రుచినే తేవాలి. పూర్తి ఆకులతో ఇంత సూక్ష్మంగా కలపడం కష్టం. కూర పొడి దంచేటప్పుడు ఎండుమిరప ఘాటును బట్టి ధనియాలు సవరించే అమ్మమ్మ చెయ్యి గుర్తుచేసుకోండి, ఆ పని అలాంటిదే.

మన చుట్టకూ దీనికీ పోలిక ఉందా?

పుట్టుక ఒకటే: ఆకును ఆకులోనే చుట్టడం. ఇంగ్లీషువాళ్లు మన చుట్టను పిలిచే ‘చెరూట్’ అనే మాట తమిళంలోని ‘సురుట్టు’ నుంచి వెళ్లింది. మన ‘చుట్ట’ ఆ మాటకు తోబుట్టువే. పనిలో మాత్రం తేడాలు చాలా ఉన్నాయి. మన లంక చుట్టకు అచ్చు లేదు, కొలత కంటితోనే. ఘాటు ఎక్కువ. చాలాసార్లు ఆకు పండించిన ఇంట్లోనే చుట్ట చుట్టుకునేవారు. డచ్ సిగార్‌లో ఆకు సముద్రాలు దాటి వస్తుంది, ఒక్కో సిగార్ నాలుగైదు చేతులు మారుతుంది, పెట్టెలో ఇరవై అయిదు ఉంటే ఇరవై అయిదూ ఒకే రంగులో ఉండాలి.

చేత్తో ఎలా చేస్తారు? మొదటి నుంచి చెప్పండి.

సిగార్‌కు మూడు పొరలు. లోపలి పొగాకును డచ్చిలో బిన్నెన్‌ఖూట్ అంటారు. దాన్ని పట్టి ఉంచే కట్టుఆకు ఓమ్‌బ్లాట్. కంటికి కనిపించే పైఆకు డెక్‌బ్లాట్.

ఆకు ఫ్యాక్టరీకి వచ్చేసరికే మాగి ఉంటుంది. తోటల దగ్గర ఆకును పెద్ద పెద్ద మండెలుగా పేరుస్తారు. మండె లోపల వేడి పుడుతుంది. వేడి ఒక హద్దు దాటకుండా చూసుకుంటూ, మండె విప్పి, లోపలి ఆకు బయటికి, బయటి ఆకు లోపలికి వచ్చేలా మళ్లీ పేరుస్తారు. వారాల తరబడి ఇలా సాగితేనే పచ్చి ఘాటు పోయి, సువాసన, రంగు నిలుస్తాయి. మన జిల్లాల్లో పొగాకు మండె కట్టినవాళ్లకు ఈ తంతు కొత్తగా అనిపించదు.

ఫ్యాక్టరీలో ముందు ఆకుకు పదును, అంటే తగినంత తేమ, ఎక్కిస్తారు. పొడిగా ఉంటే ముట్టుకున్న చోటల్లా పొడైపోతుంది, తడి ఎక్కువైతే మచ్చ పడుతుంది. పదునుకు వచ్చిన ఆకు మధ్య ఈనె లాగేస్తారు. ఒక చేత్తో ఆకు కొస పట్టుకుని, రెండో చేత్తో ఈనెను ఒక్క లాగు లాగితే ఆకు రెండు సగాలుగా విడిపోతుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు చేసేవారు.

తర్వాత బోస్యే కట్టాలి. బోస్యే అంటే చిన్న కట్ట అని అర్థం. కోసిన పొగాకును గుప్పిట్లో కొలిచి, కట్టుఆకులో చుడతారు. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే సిగార్ ఒకవైపే కాలుతుంది, లేదా పొగ లాగదు. ఆ బోస్యేలను చెక్క అచ్చుల్లో వరుసగా పెట్టి, పై మూత బిగించి, మరబిగింపు కింద ఉంచుతారు. కొంతసేపయ్యాక తీసి, ఒక్కోదాన్ని కొంచెం తిప్పి మళ్లీ పెడతారు. లేకపోతే అచ్చు రెండు పలకలు కలిసే చోట గీత పడి, పైఆకు కింద నుంచి కనిపిస్తుంది. ఈ అచ్చు 19వ శతాబ్దం రెండో సగంలో జర్మనీ నుంచి వచ్చింది. అంతకుముందు ఆకారమంతా చేతి వేళ్లదే.

చివరిది పైఆకు చుట్టడం. ఇది పెద్ద పనివాడి పని. ఈ పని నేను ఒక మ్యూజియంలో, ఒకప్పుడు ఫ్యాక్టరీలో చేసిన పెద్దాయన చేస్తుండగా గంటసేపు నిలబడి చూశాను. సగం ఆకును పలక మీద పరిచాడు. ఈనెలు ఉబ్బుగా ఉండే అడుగు వైపు పైకి పెట్టాడు. చుట్టాక ఆ వైపు లోపలికి పోయి, నున్నటి వైపు బయటికి వస్తుంది. అరచేత్తో ఒకసారి నిమిరి ముడతలు తీశాడు. కత్తితో ఆకు అంచు వెంట వంపుగా ఒక పట్టీ కోశాడు. కత్తి ఆగలేదు, వెనక్కి రాలేదు. బోస్యేను ఆ పట్టీ మీద ఏటవాలుగా పెట్టి, కాలు వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి ఆకును కొంచెం లాగి పడుతోంది, కుడిచెయ్యి దొర్లిస్తోంది. తల దగ్గరికి వచ్చేసరికి మిగిలిన కొసకు చిటికెడు జిగురు అద్ది, వేళ్ల మధ్య తిప్పి మొన చేశాడు. తర్వాత కాలు వైపు కొలతకు సరిగ్గా కోశాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, ఆయన మాత్రం పక్కనున్న పిల్లవాడితో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఎడమ ఆకు, కుడి ఆకు అంటారు. అదేమిటి?

ఈనె తీశాక ఆకు రెండు సగాలవుతుంది కదా. ఎడమ సగంలో చిన్న ఈనెలు ఒక వాలుగా, కుడి సగంలో దానికి ఎదురు వాలుగా ఉంటాయి. చుట్టినప్పుడు ఆ ఈనెలు సిగార్ పొడవు వెంట సాగాలి, అడ్డంగా రాకూడదు. అందుకే ఎడమ సగాన్ని ఒక దిశలో, కుడి సగాన్ని ఎదురు దిశలో చుట్టాలి. మంచి పనివాడికి రెండు దిశలూ రావాలి. చాలామందికి ఒక దిశే బాగా వచ్చేది, కాబట్టి ఆకులను ముందే వేరుచేసి ఇచ్చేవారు. సిగార్ చేతికి వస్తే చుట్టు ఎటు తిరిగిందో చూడండి, అది ఏ సగం ఆకో తెలిసిపోతుంది.

సుమాత్రా ఆకుకు అంత పేరెందుకు?

పలుచన. కాగితంలా సన్నగా ఉంటుంది, లాగితే సాగుతుంది, ఈనెలు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. రంగు లేత గోధుమ. కొద్దిపాటి ఆకుతో ఎన్నో సిగార్లు చుట్టవచ్చు. పైగా దాని రుచి నెమ్మది, లోపలి మిశ్రమాన్ని మింగేయదు.

1863లో యాకోబుస్ నియెన్‌హైస్ అనే డచ్చి యువకుడు సుమాత్రా తూర్పు తీరంలోని డెలి ప్రాంతానికి వెళ్లాడు. మరుసటి ఏడాది మొదటి బేళ్లు రోటర్‌డామ్ చేరాయి. వాటిని చూసిన వ్యాపారులకు అది పైఆకుగా పనికొచ్చే సరుకని వెంటనే తెలిసిపోయింది. 1869లో డెలి కంపెనీ పుట్టింది. అడవి కొట్టి, ఆ నేలలో ఒక్క పంట పొగాకు వేసి, తర్వాత ఏళ్ల తరబడి బీడు వదిలేవారు. ఆ ఒక్క పంట అయ్యాక, చుట్టుపక్కల గ్రామాలవాళ్లు అక్కడ వరి వేసుకునేవారు. మెడాన్ నగరం పెరిగింది ఈ పొగాకు డబ్బుతోనే.

అమెరికా రైతులకు ఈ ఆకు పెద్ద దెబ్బ. 1890లో అమెరికా దీనిమీద దిగుమతి సుంకం బాగా పెంచింది. 1900 ప్రాంతంలో కనెక్టికట్ లోయ రైతులు పొలాల మీద గుడ్డ పందిళ్లు వేసి, నీడలో పొగాకు పెంచడం మొదలుపెట్టారు. సుమాత్రా ఆకంత పలుచటి ఆకు తమ నేలలో తీయాలన్నదే వాళ్ల ప్రయత్నం.

జావా ఆకు సంగతి వేరు. తూర్పు జావాలోని బెసుకి ప్రాంతంలో వరి కోశాక వేసే పొగాకును డచ్చివారు ‘నా ఓఖ్‌స్ట్’ అన్నారు, అంటే కోత తర్వాతది అని. ఇండోనేషియా రైతులు ఈ రోజుకీ ఆ పంటను అదే డచ్చి మాటతో పిలుస్తారు.

ఆ తోటల్లో పని ఎవరు చేశారు?

చైనా నుంచి, తర్వాత జావా నుంచి తెచ్చిన కూలీలు. కొంతమంది దక్షిణ భారతం నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. ఈ జవాబు తేలిగ్గా ముగించలేను.

1880 నాటి కూలీ చట్టం ప్రకారం, ఒప్పందం గడువు తీరకముందు తోట వదిలి వెళితే అది నేరం. జైలు శిక్ష పడుతుంది. పట్టుకొచ్చి మళ్లీ అదే యజమాని దగ్గర పనికి పెడతారు. కొరడా దెబ్బలు, ఆకలి, రోగాలు మామూలు. నియెన్‌హైస్ మీదే కూలీలను చావగొట్టించాడన్న ఆరోపణ వచ్చింది, ఆయన డెలి వదిలి తిరిగి వచ్చేశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో హేరెన్‌ఖ్రాఖ్ట్ కాలువ ఒడ్డున ఆయన కట్టించిన భవనం ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లో నేడు యుద్ధాలు, మారణకాండల మీద పరిశోధన చేసే సంస్థ ఉంది. పడవలో తిరిగే పర్యాటకులు దాని చెక్కడాలను ఫొటోలు తీసుకుంటారు. ఆ రాయిలోకి వెళ్లిన డబ్బు ఎక్కడిదో చెప్పే గైడు నాకు ఒక్కరే తగిలారు.

మెడాన్‌లో న్యాయవాదిగా పనిచేసిన వాన్ డెన్ బ్రాండ్ 1902లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, తోటల్లోని అన్యాయాన్ని డచ్చి ప్రజల ముందు పెట్టాడు. ప్రభుత్వం రెమ్‌రెవ్ అనే అధికారిని విచారణకు పంపింది. 1904లో ఆయన ఇచ్చిన నివేదికను ప్రజల కంట పడనివ్వకుండా మూలన పెట్టారు. 1980లలో గానీ అది పూర్తిగా బయటికి రాలేదు. శిక్షా నిబంధనను చివరికి కదిలించింది వ్యాపార భయం. నిర్బంధ శ్రమతో పండిన సరుకును రానివ్వకుండా 1930లో అమెరికా చట్టం చేసింది. కొనుగోలుదారు పోతాడన్న భయంతో డెలి పొగాకు యజమానులు ఆ నిబంధనను వదులుకున్నారు.

పొగాకు వేలం ఎక్కడ జరిగేది?

ఆమ్‌స్టర్‌డామ్‌లో నెస్ అనే ఇరుకు వీధిలో, ఫ్రస్కాటి అనే భవనంలో. మన ఒంగోలు వైపు వేలంలో పాట పాడేవారు. ఇక్కడ పాట లేదు. నమూనా ఆకులు ముందుగా చూసి, ధర కాగితం మీద రాసి, కవరు మూసి ఇవ్వాలి. జర్మనీ నుంచి, అమెరికా నుంచి కొనుగోలుదార్లు వచ్చేవారు. ఇప్పుడు ఆ భవనం నాటకశాల.

1950ల చివర్లో ఇండోనేషియా తన నేల మీది డచ్చి తోటలను జాతీయం చేసింది. 1959 నుంచి ఆ ఆకు ఆమ్‌స్టర్‌డామ్‌ను వదిలి జర్మనీలోని బ్రేమెన్‌కు వెళ్లింది. ‘ఆ పొగాకు మాది’ అని డచ్చి కంపెనీలు బ్రేమెన్ కోర్టుకెక్కి ఓడిపోయాయి. అంతర్జాతీయ న్యాయం చదివే విద్యార్థులు ఈ కేసును ఈనాటికీ చదువుతారు.

ఏ ఊళ్లు సిగార్లకు పేరుపడ్డాయి?

కాంపెన్ మొదటి పేరు. ఫేనెన్‌డాల్‌లో రిట్‌మేస్టర్ బ్రాండు, వాగెనింగెన్‌లో 1924లో పుట్టిన స్కిమ్మెల్‌పెన్నింక్, బోక్స్‌టెల్‌లో ఎలిజబెత్ బాస్. మా బ్రబాంట్ ప్రాంతంలో అయితే ఊరికొకటి. డైజెల్‌లో 1904లో జాక్ వింటర్‌మన్స్ మొదలుపెట్టిన అఖియో, వాల్కెన్స్‌వార్డ్‌లో విల్లెమ్ II, హోఫ్‌నార్. ఈ వాల్కెన్స్‌వార్డ్ అంతకుముందు డేగలను పట్టి, వేటకు తర్ఫీదిచ్చి, ఐరోపా రాజులకు అమ్మిన ఊరు. రాజుల వేట అంతరించాక ఆ ఊరు సిగార్లకు మళ్లింది.

బ్రబాంట్‌లోనే ఎందుకంటే, ఇసుక నేల, పేద రైతులు, తక్కువ కూలి. ఇక్కడ పొలం మీద బతకడం కష్టం. పెట్టుబడిదార్లకు అది కలిసొచ్చింది. ఫిలిప్స్ దీపాల కంపెనీ పెట్టిన కుటుంబం కూడా అంతకుముందు పొగాకు, కాఫీ వ్యాపారం చేసిందే. ఐండ్‌హోవెన్‌లోని వాన్ అబ్బే కళా మ్యూజియాన్ని 1936లో కట్టించి ఇచ్చిన హెన్రీ వాన్ అబ్బే ‘కారెల్ I’ సిగార్ల యజమాని.

పనివాళ్ల బతుకు ఎలా ఉండేది?

దుమ్ము, వంగిన వీపు, చుట్టిన లెక్కను బట్టి కూలి. ఆకు ఎండిపోతుందని కిటికీలు మూసి ఉంచేవారు, గాలి ఆడేది కాదు. చాలామంది ఇంట్లోనే పనిచేసేవారు. వంటగదే ఫ్యాక్టరీ, పిల్లలే సహాయకులు. పన్నెండేళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని 1874లో చట్టం వచ్చింది. ఇళ్లలో పని మాత్రం సాగుతూనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే బల్ల చుట్టూ కూర్చుని చేతులతో పనిచేసేవాళ్లకు నోరు ఖాళీగా ఉంటుంది. మాటలు సాగేవి, రాజకీయాలు సాగేవి. అందుకేనేమో, నెదర్లాండ్స్‌లో తొలినాళ్లలోనే సంఘాలు కట్టుకున్న కార్మికుల్లో సిగార్ పనివాళ్లు ముందున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ సిగార్ పనివాళ్లలో యూదులు చాలామంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దేశపు యూదుల్లో నాలుగింట మూడు వంతుల మందిని నాజీలు చంపేశారు. ఆమ్‌స్టర్‌డామ్ పొగాకు బల్లల దగ్గరి మనుషులు కూడా ఆ లెక్కలో ఉన్నారు.

పెట్టె మీది మాటలకు అర్థమేమిటి?

‘సుమాత్రా’ అంటే పైఆకు లేత రంగుది, ‘బ్రెజిల్’ అంటే ముదురు గోధుమ రంగుది. ‘క్లారో’, ‘కొలొరాడో’, ‘మదురో’ అనేవి రంగులకు స్పానిష్ పేర్లు.

‘బోల్క్‌నాక్’ అనేది డచ్చివారి సొంత ఆకారం. నడుము ఉబ్బుగా, తల మొనగా ఉంటుంది. పాత వ్యంగ్య చిత్రాల్లో లావుపాటి షావుకారు నోట్లో కనిపించేది ఇదే. ‘సెన్యోరితా’ చిన్నది, సన్ననిది. ‘విల్డె’ అంటే అడవిది అని అర్థం, కాలు వైపు ఆకు కోయకుండా కుచ్చులా వదిలేస్తారు.

‘100% పొగాకు’ అన్న ముద్ర ముఖ్యం. 20వ శతాబ్దం మధ్య నుంచి చాలా ఫ్యాక్టరీల్లో కట్టుఆకుకు బదులు, పొగాకు పొడిని జిగురుతో కలిపి కాగితంలా సాగదీసిన పట్టీ వాడటం మొదలైంది. యంత్రానికి అది అనువు. ఆ పట్టీ వాడకుండా అసలు ఆకే వాడామని చెప్పేది ఈ ముద్ర. పనితనం గురించి పట్టించుకునేవాళ్లు పెట్టె మీద ముందు దీన్నే వెతుకుతారు.

సిగార్ మెడలో ఉండే రంగుల కాగితాన్ని ఇక్కడివాళ్లు ఎందుకు దాచుకున్నారు?

యుద్ధం తర్వాత రెండు దశాబ్దాలు ఈ దేశంలో పిల్లలందరికీ అదే పిచ్చి. మనవాళ్లు అగ్గిపెట్టెల బొమ్మలు పోగుచేసినట్టు, వీళ్లు సిగార్ బ్యాండ్లు పోగుచేశారు. తండ్రి, తాత, పక్కింటాయన కాల్చే సిగార్ల బ్యాండ్లు అడిగి తెచ్చుకుని ఆల్బంలో అంటించేవారు. ఫ్యాక్టరీలు ఇది కనిపెట్టి వరుసలు వరుసలుగా బొమ్మలు వేశాయి: రాజులు, ఓడలు, పక్షులు, ఊళ్ల చిహ్నాలు.

వాటి అచ్చు పని చాలా గొప్పది. రాతి పలకల మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడి, పైన బంగారు పూత ఉబ్బెత్తుగా అద్దేవారు. గోరంత కాగితం మీద ఇంత పని! వాల్కెన్స్‌వార్డ్‌లో రాతి అచ్చు మ్యూజియం ఉండటం ఊరికే కాదు.

ఎలిజబెత్ బాస్ బ్రాండు పెట్టె మీది ముసలావిడ బొమ్మకు ఒక కథ ఉంది. అది ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉన్న 17వ శతాబ్దపు చిత్రం. రెంబ్రాంట్ గీశాడని అందరూ నమ్మేవారు. 1911లో బ్రేడియస్ అనే కళాపండితుడు, ఇది రెంబ్రాంట్‌ది కాదు, ఆయన శిష్యుడు ఫెర్డినాండ్ బోల్‌ది అన్నాడు. పెద్ద వివాదమైంది. సిగార్ పెట్టె మీద మాత్రం ఆవిడ అలాగే కూర్చుని ఉంది. ఆ చిత్రం ఎన్నడూ చూడని డచ్చివాళ్లకు కూడా ఆవిడ ముఖం పరిచయమే.

డచ్చి భాషలో సిగార్ సామెతలున్నాయా?

రెండు తరచూ వింటాను. ‘సొంత పెట్టెలోని సిగార్’ అంటే, మన దగ్గర తీసుకున్నదాన్నే మనకు బహుమతిగా ఇవ్వడం. పన్ను పెంచి, అందులో కొంత రాయితీగా తిరిగి ఇస్తే పత్రికలు ఈ మాటే రాస్తాయి. ‘సిగార్ అయిపోయాడు’ అంటే తప్పు తనది కాకపోయినా దెబ్బ తిన్నవాడు, బలైపోయినవాడు.

ఎలా దాచాలి?

పొడిగా ఉన్న అలమరలో, మసాలాలకూ అత్తరుకూ దూరంగా. తేమ పెట్టె అక్కర్లేదు, పెడితే పాడవుతుంది.

ఇప్పుడు నెదర్లాండ్స్‌లో సిగార్లు తయారవుతున్నాయా?

చాలా తక్కువ. 1950ల తర్వాత సిగరెట్ గెలిచింది, యంత్రాలు వచ్చాయి, కూలి పెరిగింది. కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కున్నాయి. చేత్తో చేయాల్సిన భాగం శ్రీలంక, డొమినికన్ రిపబ్లిక్ లాంటి చోట్లకు, యంత్రాల భాగం బెల్జియానికి వెళ్లింది. అఖియో 2020లో ఒక డెన్మార్క్ సంస్థ చేతికి వెళ్లింది. పేర్లు, పెట్టెలు డచ్చివే, చుట్టే చేతులు వేరే. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఏనుగు పేరు పెట్టుకున్న డె ఓలిఫాంట్ అనే సంస్థ కాంపెన్‌లో పాత పద్ధతిని నిలబెట్టింది.

చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఆమ్‌స్టర్‌డామ్‌లో రోకిన్ వీధిలో హాయేనియస్ దుకాణం. 1915లో తెరిచిన ఈ ఇంటి పాలరాయి, దీపాలు, చెక్కపని చూడటానికే చాలామంది వస్తారు. తర్వాత కాంపెన్, వాల్కెన్స్‌వార్డ్, పొగాకు కొట్టాల కోసం ఆమెరోంగెన్. చిన్న మ్యూజియాలను స్వచ్ఛంద సేవకులు నడుపుతారు కాబట్టి, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని బయల్దేరండి.

పొగ మింగరు కాబట్టి సిగార్ వల్ల హాని తక్కువ అంటారు. నిజమేనా?

నిజం కాదు. మింగకపోయినా నోరు, గొంతు, స్వరపేటిక క్యాన్సర్లు వస్తాయి. ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిటి క్యాన్సర్ గురించి మన డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మా తాతగారు చుట్ట మానలేదు, చివరి రెండేళ్లు అన్నం మింగలేకపోయారు. ఈ పేజీ చదివి ఎవరూ సిగార్ వెలిగించాలని నేను కోరుకోవడం లేదు. నెదర్లాండ్స్‌లో 2014 నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదు. 2023 జులై నుంచి ఆన్‌లైన్ అమ్మకం, 2024 జులై నుంచి సూపర్‌మార్కెట్ అమ్మకం నిషేధం.

డచ్చివారు మన తీరానికి వచ్చారు కదా, చుట్ట వాళ్లు తెచ్చిందేనా?

కాదు. పొగాకు మన దేశానికి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దిగారు, పాలకొల్లు, నరసాపురం, భీమునిపట్నంలో గిడ్డంగులు కట్టారు. వాళ్లకు కావలసింది మన బట్ట. ఒలందా దేశస్థులు కాబట్టి వలందులన్నారు మనవాళ్లు. మచిలీపట్నంలో వలందపాలెం ఆ పేరుతోనే ఉంది. అప్పటికి సిగార్ ఆ దేశంలో ఇంకా పుట్టలేదు.

మన చుట్టను అక్కడి పనివాళ్లెవరైనా చూశారా?

పైన చెప్పిన మ్యూజియం పెద్దాయనకు నేనే తీసుకెళ్లాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు రాజమండ్రిలో రెండు లంక చుట్టలు కొని, కాగితంలో చుట్టి తెచ్చాను. ఆయన ముందు వాసన చూశాడు. వేళ్ల మధ్య దొర్లించి, బిగుతు చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో ఈనెల వాలు చూసి, ‘ఎడమ ఆకు’ అన్నాడు. తర్వాత పలక మీద పెట్టి, కత్తి కొసతో అతుకు లేపి, చుట్టిన దిశకు ఎదురుగా మెల్లగా విప్పాడు. లోపల ఒక ముక్కకు ఈనె అలాగే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, అదే ఆకుతో మళ్లీ చుట్టి, తలకు జిగురు అద్ది నా చేతికిచ్చాడు.